పొగ దారి తేలాకే జనరేటర్ చోటు

చిన్న మోటార్ యాట్‌లో, అంటే విహారానికి వాడే ఇంజిన్ పడవలో, జనరేటర్ పెట్టించాలనుకునే వాళ్ళలో చాలామంది ముందు టేపు పట్టుకుని డెక్ మీది మూతలు, హ్యాచ్‌లన్నీ, తెరిచి ఎక్కడ ఖాళీ ఉందో కొలుస్తారు. పెట్టె పట్టింది, మూత పడింది, ఇంకేం, చోటు ఖాయం. పొగ ఎటు తీయాలి, చల్లబరిచే నీళ్ళు ఎక్కడి నుంచి తేవాలి అన్నవన్నీ తర్వాత మెకానిక్ చూసుకుంటాడని వదిలేస్తారు. ఈ వరస పూర్తిగా తలకిందులు. ముందు ఎగ్జాస్ట్, అంటే పొగ గొట్టం, ఎక్కడ బయటికి రావాలో తేల్చండి. తర్వాత మరమ్మతుకి మనిషి చెయ్యి ఎటునుంచి అందుతుందో చూడండి. ఈ రెండూ కుదిరిన చోట్ల గురించే మాట్లాడుకుందాం. కుదరని చోట ఎంత ఖాళీ ఉన్నా అది లెక్కలోకి రాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2000లో అమెరికాలోని లేక్ పావెల్‌లో ఇద్దరు పిల్లలు, సొంత అన్నదమ్ములు, హౌస్‌బోట్ వెనక, నీళ్ళలోకి దిగడానికి ఉండే స్విమ్ ప్లాట్‌ఫామ్ కిందికి ఈదుకుంటూ వెళ్ళి, అక్కడ పేరుకున్న కార్బన్ మోనాక్సైడ్ పీల్చి చనిపోయారు. జనరేటర్ ఎగ్జాస్ట్ ఆ ప్లాట్‌ఫామ్ కిందికే వదిలారు. వృత్తి భద్రతపై పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఆ తర్వాత అలాంటి పడవల్లో గాలిలో ఆ గ్యాస్ ఎంతుందో కొలిచింది. ప్రాణానికి తక్షణ ప్రమాదమని ఆ సంస్థ పెట్టుకున్న హద్దు 1,200 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 1,200 భాగాలు. ప్లాట్‌ఫామ్‌ల కింద దానికి ఎన్నో రెట్లు ఉంది. ఎగ్జాస్ట్‌ని నిలువు గొట్టంతో పై డెక్ కంటే ఎత్తుకు తీసుకెళ్ళి వదిలితే మనుషులు ఉండే చోట ఆ గ్యాస్ బాగా తగ్గుతుందని కూడా వాళ్ళే కొలిచి చూపించారు. ఆ పిల్లల ప్రాణాలు తీసింది జనరేటర్ చెడిపోవడం కాదు. జనరేటర్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. పొగ గొట్టం ఎక్కడ తెరుచుకోవాలో నిర్ణయించిన మనిషి నీళ్ళలో ఈదే వాళ్ళ గురించి ఆలోచించలేదు.

మెయిన్ ఇంజిన్‌కీ జనరేటర్‌కీ తేడా ఇక్కడే ఉంది. మెయిన్ ఇంజిన్ నడిచేటప్పుడు పడవ కదులుతూ ఉంటుంది, నీళ్ళలో ఎవరూ ఉండరు. జనరేటర్ ఎక్కువగా నడిచేది లంగరు వేశాక. పిల్లలు ఈత కొడుతున్నప్పుడు, పెద్దవాళ్ళు వెనక తెరిచి ఉండే కాక్‌పిట్‌లో కూర్చున్నప్పుడు, రాత్రి అందరూ నిద్రపోతున్నప్పుడు. లంగరు మీద పడవ ముక్కు గాలికి ఎదురుగా తిరుగుతుంది కాబట్టి పొగ వెనక్కి పోతుందిలే అని చాలామంది ధీమా. గాలి పడిపోయిన రాత్రి అది ఎటూ పోదు. ప్రవాహం ఒకవైపు లాగి గాలి ఇంకోవైపు వీస్తే పడవ ఎటు తిరుగుతుందో చెప్పలేం. పడవ ముందుకు పోతున్నప్పుడు కూడా వెనక భాగంలో గాలి ఒత్తిడి తగ్గి, వదిలిన పొగ తిరిగి కాక్‌పిట్‌లోకే వచ్చేస్తుంది.

డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెట్రోల్ కంటే చాలా తక్కువే, కానీ సున్నా కాదు. రంగు, వాసన లేని ఈ గ్యాస్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే నా లెక్కలో ఎగ్జాస్ట్ తీయాల్సింది పడవ పక్క నుంచి. స్విమ్ ప్లాట్‌ఫామ్‌కి, మెట్లకి దూరంగా, తెరుచుకునే కిటికీలకీ ఏసీ గాలి లోపలికి తీసుకునే రంధ్రాలకీ దూరంగా ఉండాలి. పక్కనే ఇంకో పడవ కట్టుకుని ఉంటే జనరేటర్ ఆపేయాలి, ఇందులో మొహమాటం పనికిరాదు. పడుకునే ప్రతి గదిలోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాల్సిందే. అయితే అలారం ఉందని గొట్టాన్ని తప్పు చోట పెట్టకూడదు.

ఇక నీళ్ళ సంగతి. యాట్‌లలో జనరేటర్ ఎగ్జాస్ట్ ఎక్కువగా తడి పద్ధతిలోనే ఉంటుంది. ఇంజిన్‌ని చల్లబరిచిన సముద్రపు నీటిని వేడి పొగలో కలిపి, శబ్దం తగ్గించే మఫ్లర్ గుండా బయటికి నెడతారు. చిన్న పడవలో జనరేటర్ కూర్చునేది నీటిమట్టం కంటే కిందే కాబట్టి బయటి నీళ్ళు గొట్టంలో తమంతట తామే లాక్కుని (సైఫన్ అయి) వచ్చి సిలిండర్లోకి చేరే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. నీళ్ళు పొగలో కలిసే చోటు నీటిమట్టానికి కనీసం 150 మిల్లీమీటర్ల పైన లేకపోతే, గొట్టంలోకి గాలి వదిలి ఆ లాగుడుని తెంచే సైఫన్ బ్రేక్ తప్పనిసరి. ఆ బ్రేక్ నీటిమట్టానికి 300 మిల్లీమీటర్ల పైన ఉండాలి. గొట్టాన్ని అంత ఎత్తుకు తీసుకెళ్ళడానికి జనరేటర్ పైన, పక్కన చోటుందా? టేపుతో కొలిచిన వాళ్ళు ఈ చోటుని కొలవరు. పైగా నీటిమట్టం అంటే కంపెనీ బొమ్మలో గీసిన గీత కాదు. ట్యాంకులు నిండి, మనుషులందరూ వెనక కూర్చున్నప్పుడు అసలు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత.

నీళ్ళు లోపలికి తీసుకునే రంధ్రం విషయంలోనూ ఒక మాట. దాని మీద ముందుకు నోరు తెరిచిన స్కూప్ (నీళ్ళు పట్టే తొడుగు) బిగిస్తే, జనరేటర్ ఆగి పడవ వేగంగా పోతున్నప్పుడు నీళ్ళు ఒత్తిడితో పంపుని దాటుకుని మఫ్లర్ నిండా చేరతాయి. అక్కడి నుంచి ఇంజిన్‌లోకి. కొత్త జనరేటర్ మొదటి ప్రయాణంలోనే పాడవడానికి ఇది చాలు. స్టార్ట్ కాని ఇంజిన్‌ని స్టార్టర్‌తో అదేపనిగా తిప్పినా ఇదే జరుగుతుంది, పొగ తోసే ఒత్తిడి లేక నీళ్ళు మఫ్లర్‌లోనే ఉండిపోతాయి. అలాంటప్పుడు నీళ్ళు లోపలికి వచ్చే రంధ్రం దగ్గరి వాల్వ్, అంటే సీకాక్, మూసేయాలి. ఆ సీకాక్ చేతికి అందే చోట ఉందా లేదా అన్నది కూడా చోటు ఎంపికలో భాగమే.

ఇవన్నీ చూశాక మిగిలేవి రెండే చోట్లు, ఇంజిన్ రూమ్, వెనక డెక్ కింద ఉండే లాజరెట్. పడవ ముక్కు భాగం వద్దు. అక్కడ ఊపు ఎక్కువ, పడుకునే గది పక్కనే. పైన ఫ్లైబ్రిడ్జ్ (కప్పు మీద నిలబడి పడవ నడిపే చోటు) కూడా వద్దు, అంత బరువు అంత ఎత్తున పెడితే చిన్న పడవ విపరీతంగా ఊగుతుంది.

లాజరెట్ అంటే అందరికీ మోజు. పైన పెద్ద హ్యాచ్, గదులకు దూరం, పొగ గొట్టం పొట్టి. కానీ చాలా చిన్న డీజిల్ సెట్ల బరువే 100 కిలోల పైన. అది పడవ చిట్టచివర కూర్చుంటే వెనక భాగం దిగిపోయి, ముక్కు పైకి లేచి, ప్లేనింగ్‌లోకి, అంటే నీటి మీద తేలి జారే వేగానికి, రావడానికి ఎక్కువ సమయం పడుతుంది. చుక్కాని యంత్రాంగం అక్కడే ఉంటుంది, దానికీ చెయ్యి అందాలి. హ్యాచ్ అంచుల నుంచి ఉప్పునీళ్ళు కారితే నేరుగా జనరేటర్ మీద పడతాయి. ఇంకా పెద్ద చిక్కు, పొట్టి గొట్టం ఆశతో ఎగ్జాస్ట్‌ని సరిగ్గా స్విమ్ ప్లాట్‌ఫామ్ కిందికే తీసేస్తారు. అందుకే నా ఓటు ఇంజిన్ రూమ్‌కే. బరువు మధ్యలో ఉంటుంది, అడుగున పొడవునా బలమైన దూలాలు, స్ట్రింగర్లు, ఉంటాయి, ఇంధనం, సముద్రపు నీళ్ళు, బ్యాటరీలు దగ్గర. వేడి మాత్రం నిజమైన సమస్యే. గంటల తరబడి పరిగెత్తి వచ్చిన మెయిన్ ఇంజిన్ల పక్కన, గాలి సరిగ్గా రాని గదిలో జనరేటర్ తన మీద రాసినంత కరెంటు ఇవ్వలేకపోతుంది. గాలి దారులు పెంచాలి, గాలి తోసే ఫ్యాన్, బ్లోయర్, పెట్టాలి.

పెట్రోల్ పడవైతే మాట వేరు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, అది పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంది. అక్కడ ఇగ్నిషన్ ప్రొటెక్షన్ ఉన్న, అంటే తన నిప్పురవ్వతో ఆవిరిని అంటించని, మెరైన్ జనరేటర్ తప్ప ఇంకేదీ పెట్టకూడదు. నేల మీద వాడే పోర్టబుల్ సెట్‌ని వెనక ప్లాట్‌ఫామ్ మీద పెట్టి నడిపేవాళ్ళని చూస్తే నాకు భయం వేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

శబ్దం గురించే అందరూ ఎక్కువ మాట్లాడతారు. నాకు అది చివరి విషయం. మెత్తటి మౌంట్లు, సౌండ్ బాక్స్, నిమిషానికి 3,000 బదులు 1,500 చుట్లు తిరిగే సెట్, వీటితో శబ్దం చాలావరకు దారికి వస్తుంది. కానీ ఆ బాక్స్ పలకలు ఊడదీయడానికి కూడా చోటు కావాలి. ఇంపెల్లర్ (నీటి పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం), ఆయిల్ ఫిల్టర్, ఇంధన ఫిల్టర్, జింక్ (ఇంజిన్ బదులు తాను తుప్పు పట్టే లోహపు ముక్క), ఇవన్నీ ఏ వైపున ఉన్నాయో ఆ మోడల్ బొమ్మలో చూసి, ఆ వైపు మనిషి ఉండేలా పెట్టాలి. ఏడాదికి ఒకసారి మార్చాల్సిన ఇంపెల్లర్‌ని మూడేళ్ళు మార్చకపోవడానికి సాధారణంగా కారణం బద్ధకం కాదు, అది చేతికి అందకపోవడం. అది ముక్కలైతే నీళ్ళు ఆగుతాయి, వేడి పొగకి రబ్బరు గొట్టం కాలుతుంది, ఆ పొగ పడవ లోపలే నిండుతుంది. అలా చూస్తే చెయ్యి అందకపోవడం కూడా ప్రాణాలకు సంబంధించిన విషయమే. జనరేటర్‌ని రేపు బయటికి తీయాల్సి వస్తే ఆ హ్యాచ్ గుండా వస్తుందో రాదో కూడా ఇప్పుడే కొలవండి.

ఏ చోటూ కుదరకపోతే పెట్టించకండి. రాత్రంతా ఏసీ నడిపే అవసరం లేని చిన్న పడవకి లిథియం బ్యాటరీలు, ఇన్వర్టర్, మెయిన్ ఇంజిన్ మీద పెద్ద ఆల్టర్నేటర్ చాలాసార్లు సరిపోతాయి. పెట్టించాలనే నిర్ణయానికి వస్తే మాత్రం అదే కొలతల్లో ఒక అట్టపెట్టె చేసి అక్కడ ఉంచండి. దాని మీద ఇంపెల్లర్ ఉండే చోట గుర్తు పెట్టి, హ్యాచ్ తెరిచి, స్పానర్ పట్టుకున్న చెయ్యి అక్కడికి పోతుందా చూడండి. తర్వాత బిగించే వాళ్ళని ఒక కాగితం మీద నిండు బరువుతో ఉన్న నీటిమట్టం గీసి, ఎగ్జాస్ట్ మొదటి నుంచి చివరిదాకా ఎలా పోతుందో, సైఫన్ బ్రేక్ ఎక్కడ వస్తుందో గీయమనండి. ఆ బొమ్మ గీయకుండా “పట్టేస్తుంది సార్” అని మాత్రమే చెప్పే వాళ్ళకి అడ్వాన్స్ ఇవ్వకండి.