తప్పు చెప్పమని అడగడానికే ఆ మూడు నెలలు

ఆషాఢ పూర్ణిమ వచ్చిందంటే బౌద్ధ భిక్షువులు వానాకాలం మూడు నెలలూ ఒకేచోట ఉండే వర్షావాసం మీద ఒకే మూసలో రాతలు మొదలవుతాయి. మౌనం, ధ్యానం, వాన చప్పుడు. రిసార్టుల వాళ్లయితే ‘మాన్‌సూన్ రిట్రీట్’ అని ప్యాకేజీలే అమ్ముతున్నారు. వర్షావాసం మౌనదీక్ష అనుకునేవాళ్లు భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం తెరిచి చూసినట్టు లేదు. అలాంటి మౌనవ్రతాన్ని బుద్ధుడు పేరు పెట్టి మరీ నిషేధించాడు.

అసలు ఈ ఆచారం పుట్టిందే జనం తిట్టిపోస్తే. వానల్లోనూ పచ్చగడ్డి తొక్కుతూ, పురుగూపుట్రా చంపుతూ తిరుగుతారా, పిట్టలైనా ఈ కాలంలో కొమ్మన గూడు కట్టుకుని కుదురుగా ఉంటాయే అని జనం అన్నారు. ఆ మాటకు తలొగ్గే నియమం వచ్చింది. ఆషాఢ పూర్ణిమ మర్నాడు మొదలుపెట్టి మూడు నెలలు ఒకేచోట ఉండాలి. అది తప్పితే శ్రావణ పూర్ణిమ మర్నాడు మొదలుపెట్టొచ్చు. చెట్టు తొర్రలో, కొమ్మల పంగలో, గొడుగు కింద, ఆఖరికి పెద్ద కాగులో ఉంటామన్నా ఒప్పుకోలేదు (ఎవరో ప్రయత్నించి ఉంటేనే కదా ఈ జాబితా). పశువుల మంద దగ్గరో, బళ్ల బిడారులోనో, పడవ మీదో ఉండొచ్చు. అవి కదిలితే వాటితో పాటు భిక్షువూ కదలొచ్చు. తల్లిదండ్రుల జబ్బులాంటి పని పడితే వెళ్లొచ్చు గానీ ఏడు రోజుల్లో తిరిగి రావాలి.

నియమాల సంగతి అలా ఉంచి మౌనం దగ్గరికి వద్దాం. కోసల దేశంలో కొందరు భిక్షువులు తగవులు వస్తాయని మూడు నెలలూ మాటలే మానేశారు. భిక్ష నుంచి ముందు తిరిగొచ్చినవాడు పీటలు వేసి కాళ్లకు నీళ్లు పెట్టేవాడు. చివర తిన్నవాడు అంతా తుడిచేవాడు. నీళ్ల కుండ ఒక్కడికి బరువైతే చేతి సైగతో రెండోవాణ్ని పిలిచేవాడు. పొల్లు పోని కాపురం! హాయిగా గడిచిందని వాళ్లు వచ్చి చెబితే, పశువుల్లా, గొర్రెల్లా కలిసి బతికి హాయిగా ఉన్నామంటారేమిటని బుద్ధుడు మందలించాడు. నా తప్పులు చెప్పండని తోటివాళ్లను అడిగే ప్రవారణ పెట్టింది అప్పుడే.

ప్రవారణ జరిగేది వర్షావాసం ముగిసే ఆశ్వయుజ పూర్ణిమనాడు. ఐదుగురికి తగ్గకుండా ఉంటే సంఘం ఎదుట, రెండు నుంచి నలుగురి వరకూ ఉంటే ఒకరికొకరు, ఒక్కడే ఉంటే తనలో తాను సంకల్పం చెప్పుకోవాలి. ఉత్తరాసంగం, అంటే పైబట్ట, ఒక భుజం మీదికి వేసుకుని, గొంతుక్కూర్చుని, చేతులు జోడించి అడగాలి: నా విషయంలో మీరు చూసిందేమైనా ఉన్నా, విన్నదేమైనా ఉన్నా, అనుమానమే ఉన్నా దయతో చెప్పండి, తప్పని గ్రహిస్తే దిద్దుకుంటాను. ఇలా మూడుసార్లు. మొదట అడగాల్సింది అందరికన్నా పెద్ద భిక్షువు. బుద్ధుడే ఒక ప్రవారణ రోజున ఐదువందల మంది ఎదుట, నా చేతలోగానీ మాటలోగానీ తప్పు పట్టేదేమైనా ఉందా అని అడిగాడు. అనుమానం ఉన్నా చాలనడం చూడండి. ఆధారం తెచ్చాకే నోరు విప్పాలనే షరతు లేదు.

ఇందులో లోటు లేదా అంటే ఉంది. భిక్షుణులు రెండు సంఘాల ముందూ అడగాలి, భిక్షువులు మాత్రం భిక్షుణులను అడగనక్కర్లేదు. ఆ అసమానత్వానికి నేను సమర్థన వెతకను.

ధ్యానానికి స్థిరత్వం కావాలి, థాయ్‌లాండ్ అడవి ఆశ్రమాల్లో వర్షావాసం కఠోర సాధనా కాలమే, ప్రవారణ ఇప్పుడు పాళీ వాక్యాలు వల్లించడంగా మిగిలింది అనేవాళ్లున్నారు. నిజమే. తంతుగా మిగిలిందనే కదా ఈ గోల.

ఆ తర్వాతి నెల కఠిన చీవరానిది, అంటే వర్షావాసం ముగించిన భిక్షువులకు ఇచ్చే కొత్త వస్త్రానిది. ఇప్పుడు ఫొటోలకెక్కేది ఇదే. దాత ఇచ్చిన గుడ్డను తెల్లారేలోపు కత్తిరించి, కనీసం ఐదు ముక్కలుగా కుట్టి, రంగు వేసి పూర్తి చేయాలి. రంగు ఉడికిందో లేదో నీళ్లలోనో గోరు మీదో ఒక చుక్క వేసి చూస్తారు. గుడ్డను సూచనగా అడిగి తెచ్చుకున్నా, రాత్రి దాటేలా అట్టేపెట్టినా కఠినం చెల్లదు. ముందు తప్పొప్పుల లెక్క, ఆ తర్వాతే కొత్త బట్ట. మనం బట్ట ఉంచుకుని లెక్క వదిలేశాం.

ఈ లెక్క భిక్షువుల గొడవే అనుకోవద్దు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ చేతికి సామాజిక తనిఖీ ఇచ్చింది. దాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి అడగడం, పని చోట కొలతలు వేయడం, ప్రజావేదికలో అందరిముందూ చదవడం. చూసింది, విన్నది, అనుమానించింది అక్కడా ఉంటాయి. తేడా ఒక్కటే. అక్కడ అధికారి జవాబు చెబుతాడు, అడగడు.

ప్రవారణలో మొదట అందరి వంతూ అయ్యేదాకా అందరూ గొంతుక్కూర్చునే ఉండాలన్నారు. ఒక ముసలి భిక్షువు అలా కూర్చుని కూర్చుని సొమ్మసిల్లి పడిపోతే, ఎవరి వంతు అయ్యాక వాళ్లు ఆసనం మీద కూర్చోవచ్చని సడలించారు. ప్రజావేదిక మీద కుర్చీలు ముందే వేసి ఉంటాయి. మండల అధికారి నుంచి ఫీల్డ్ అసిస్టెంట్ దాకా పెద్దవాళ్ల వరసలో లేచి, నా పని మీద చూసింది, విన్నది, అనుమానం ఏదున్నా చెప్పండని మూడుసార్లు అడిగాకే కూర్చోవాలని పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.