మైదానం దాకా రాని కొలత

పొద్దున్నే వరంగల్ భద్రకాళి చెరువు కట్ట మీదికి వెళ్తే నడిచేవాళ్లలో చాలామంది చేతికి స్మార్ట్‌వాచ్ కనిపిస్తుంది. నడక అయిపోగానే ఆగి, అద్దం మీద వేలితో తట్టి, అడుగులెన్నో, గుండె ఎంత వేగంగా కొట్టుకుందో చూసుకుంటారు. రెండొందల అడుగులు తక్కువ పడ్డాయని మళ్లీ వెనక్కి తిరిగేవాళ్లూ ఉన్నారు. మంచిదే. షుగర్, బీపీ ప్రతి ఇంట్లోకీ వచ్చేసిన రోజుల్లో మనిషిని గడప దాటించే ఏ వస్తువైనా మంచిదే. (రోజుకు పదివేల అడుగులు నడవాలని చాలామంది పెట్టుకునే లెక్క డాక్టర్లు పెట్టింది కాదు. 1965లో జపాన్ కంపెనీ ఒకటి తన అడుగుల మీటరుకు పెట్టుకున్న పేరు అది. అంతకంటే తక్కువ నడిచినా ఒంటికి మేలే, దిగులు పడనక్కర్లేదు.)

అక్కడి నుంచి బస్సెక్కి ఏ ఊరికి పోయినా బడి మైదానంలో ఇంకో దృశ్యం. పదమూడేళ్ల పిల్ల చెప్పులు విప్పి చెట్టు కింద పెట్టి 400 మీటర్ల పరుగు మొదలుపెడుతుంది. గీత దగ్గర పీఈటీ సారు మెడలో ఈల, చేతిలో స్టాప్‌వాచ్‌తో నిలబడి ఉంటారు. పిల్ల గీత దాటగానే బొటనవేలితో నొక్కి, నోట్‌బుక్ తెరిచి రాసుకుంటారు: 64.3 సెకన్లు. అందులో చివరి అంకె ఎంతవరకు నిజమో ఆయనకూ తెలియదు. నడిచే పెద్దలకు దొరికిన కొలత పరిగెత్తే పిల్లలకు దొరకలేదన్నదే మా బాధ.

ఆ చివరి అంకె విలువ ఏమిటో వరంగల్ జిల్లాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల టీ20 విభాగంలో (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల పరుగు) 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. మూడున్నర నెలలకే పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లకు కాంస్యం తెచ్చింది. అక్కడ బంగారం గెలిచిన అమ్మాయి సమయం 55.16. మధ్యలో ఉన్నది 0.66 సెకను, కనురెప్ప రెండు మూడుసార్లు కొట్టేంత సేపు. దీప్తిలో పరుగుందని మొదట పసిగట్టింది బడిలోని పీఈటీ, ఆ తర్వాత కోచ్ నాగపురి రమేశ్. యంత్రం ఏదీ అక్కడ లేదు. పిల్లను కనిపెట్టేది ఎప్పటికీ మనిషి కన్నే. కనిపెట్టిన తర్వాత ఆ పిల్ల నెలనెలా మెరుగవుతోందా, అలిసిపోతోందా అన్నది తేల్చడానికి మాత్రం కన్ను చాలదు.

చేతి గడియారంతో చిక్కు ఇదీ. ఈల విని నొక్కడానికి బొటనవేలు కొంత ఆలస్యం చేస్తుంది. ముగింపు గీత దగ్గర ఒకరు ముందే నొక్కుతారు, ఇంకొకరు ఆగి నొక్కుతారు. అందుకే 400 మీటర్లలో చేతితో తీసిన సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చాలంటే 0.14 సెకను, 100, 200 మీటర్లలోనైతే 0.24 సెకను కలిపే పద్ధతి ఉంది. ఈ పరుగుల్లో ప్రపంచ రికార్డులకు చేతి గడియారం చెల్లదు. మండల పోటీలో 63.9, జిల్లా పోటీలో 64.6 వచ్చిన పిల్ల నిజంగా నెమ్మదించిందా, లేక సారు మారారా? ఎంపిక జాబితాలో పేరు ఉండటం, ఊడిపోవడం ఇంత సన్నని దారం మీద వేలాడుతోంది.

కానిస్టేబుల్ ఉద్యోగాల పరుగు పరీక్షలో మన రాష్ట్రం సమయాన్ని తానే నమోదు చేసే చిప్‌నే నమ్ముతోంది. మగవాళ్లకు 1600 మీటర్లు, ఆడవాళ్లకు 800 మీటర్లు, సమయం తీసేది కంప్యూటర్. అక్కడ వేలి పొరపాటుకు తావుండకూడదని అందరం ఒప్పుకున్నాం. బడి పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టుదల ఏమైంది?

సమయం ఒక ఎత్తు, ఒళ్లు ఇంకో ఎత్తు. వేసవి శిబిరాలు పెట్టేది మేలో. రామగుండం వైపు ఆ నెలలో ఎండ ఎలా ఉంటుందో తెలిసిందే. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గుతుంది, ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, గుండె మరింత వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది. జనవరిలో ఆడుతూ పాడుతూ పరిగెత్తిన వేగానికే మేలో గుండె ఆయాసపడుతుంది. బయటికి చూస్తే రెండు పరుగులూ ఒకటే. గుండె వేగాన్ని కొలిచే, ఛాతీకి కట్టే బెల్టు ఉంటే ఆ తేడా కోచ్‌కు వెంటనే కనిపిస్తుంది. పిల్ల కళ్లు తిరిగి పడిపోకముందే ఆపగలుగుతారు. ఇలాంటి పరికరాల వల్ల నిజమైన లాభం ఇక్కడే ఉందని మేం నమ్ముతున్నాం. పెద్ద టీముల ఫుట్‌బాల్, హాకీ ఆటగాళ్లు వీపు మీద చిన్న పెట్టె ఉన్న జీపీఎస్ వెస్ట్ వేసుకునేదీ ఇందుకే. ఎవరెంత పరిగెత్తారు, ఎవరికి రేపు విశ్రాంతి ఇవ్వాలి అన్నది అందులో తేలుతుంది.

అయితే మణికట్టు వాచీ చెప్పిందంతా వేదం కాదు. అది చర్మం మీద పచ్చని వెలుతురు వేసి, వెనక్కి వచ్చే వెలుతురులో తేడాను బట్టి నాడిని అంచనా వేస్తుంది. చెయ్యి గట్టిగా ఊగినా, పట్టీ వదులైనా లెక్క తప్పుతుంది. స్ప్రింట్‌లో ఛాతీ బెల్టే నయం. 220లోంచి వయసు తీసేసి ‘ఇదే నీ గుండె హద్దు’ అనడమూ ఉజ్జాయింపే, పిల్లల విషయంలో అసలే పనికిరాదు. గుచ్చకుండానే షుగర్ చెబుతామనే వాచీలను నమ్మొద్దని 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలకు దొరికే వాచీ కొనేముందు పెద్దవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి పిల్లలందరికీ వాచీలు పంచమని మేం అడగడం లేదు. పంచితే ఆర్నెల్లలో సగం బీరువాల్లో ఉంటాయి, సగం ఛార్జింగ్ లేక ఆగిపోతాయి. కావాల్సింది తక్కువే. జిల్లాకు రెండు మూడు జతల టైమింగ్ గేట్లు, క్రీడా హాస్టళ్లకు కొన్ని ఛాతీ బెల్టులు, ఆ లెక్కలు చదవడం వచ్చిన మనిషి. టైమింగ్ గేటులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక పక్క నుంచి వెలుతురు గీత, రెండో పక్క దాన్ని పట్టే సెన్సర్, గీత తెగిన క్షణాన్ని నమోదు చేసే చిన్న బోర్డు. నిట్ వరంగల్‌లో ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టుగా చేయగల పని. కాకతీయ మెడికల్ కాలేజీలో గుండె లెక్కలు తెలిసిన అధ్యాపకులున్నారు. ఈ రెండూ హన్మకొండ, వరంగల్‌లో ఆటోలో తిరిగేంత దగ్గరలో ఉన్నా, మైదానం కోసం వీటిని ఒక టేబుల్ దగ్గర ఎవరైనా కూర్చోబెట్టినట్టు మాకు తెలియదు.

గేట్లు వచ్చేదాకా పీఈటీలు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పనిలేదు. జేబులోని ఫోన్ సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ తీయగలిగితే దాన్ని గీతకు సూటిగా స్టాండు మీద పెట్టి, మొదలూ చివరా పడేలా తీసి ఫ్రేములు లెక్కపెడితే బొటనవేలి కంటే ఎంతో నయం. నిద్ర లేవగానే మెడ మీద రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు నాడి లెక్కించి నాలుగుతో గుణించి రాసుకోవడం ప్రతి పిల్లకూ నేర్పాలి. రోజూ 60 ఉండే నాడి రెండు మూడు రోజులు 72 దాకా ఉంటే జ్వరం రాబోతుండొచ్చు, ఒళ్లు అలిసి ఉండొచ్చు. ఆ రోజు పరుగు వద్దు.

ఒక్క విషయంలో మాత్రం గట్టి కంచె ఉండాలి. ఈ లెక్కలు పిల్లవి. ఏ యాప్ కంపెనీవీ కావు, హాస్టల్ నోటీసు బోర్డువీ కావు. ఆడపిల్లల నెలసరి వివరాలు అడిగే యాప్‌లు కూడా ఉన్నాయి, అవి ఎవరి కంటపడాలో ముందే తేల్చుకోవాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. ఆ అనుమతి కాగితం తెలుగులో, కూలికి పోయే తల్లికి చదివి వినిపించేలా ఉండాలి. యంత్రం చూపిన ఒక్క అంకెను పట్టుకుని పిల్లను హాస్టల్ నుంచి ఇంటికి పంపేయకూడదు. ఆ నిర్ణయానికి కోచ్ సంతకం పెట్టాలి, కారణం రాయాలి.

వచ్చే వేసవి శిబిరాలకు ముందే ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల క్రీడాధికారులు తమ దగ్గర ఏ పరికరాలున్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, ఎవరికి వాడటం వచ్చు అన్న జాబితా బయటపెట్టాలి. పెట్టెల్లోంచి తీయని సామాను ఎక్కడైనా ఉంటే మొదట వాటిని విప్పి, పీఈటీలకు నాలుగు రోజుల శిక్షణ పెట్టి, ఆ తర్వాతే కొత్తవాటికి టెండర్ పిలవాలి.