‘ఇన్’ అన్నందుకు నవ్వాలా?

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం యువజన విభాగం ఇటీవల జరిపిన ఉద్యోగ మార్గదర్శక సదస్సులో, పరిచయాల వేళ కొత్తగా వచ్చిన ఒక అబ్బాయి లేచి, ‘ఐ వర్క్ ఇన్’ అంటూ తన కంపెనీ పేరు చెప్పగానే, వేదిక మీది పెద్దాయన మైకులోనే ‘ఇన్ కాదు నాయనా, ఎట్’ అని దిద్దారు. ముందు వరుసలు ఘొల్లున నవ్వాయి. ఆ అబ్బాయి చెప్పబోయిన మాట మింగి కూర్చున్నాడు. అతని తర్వాత లేచినవారు పేరూ ఊరూ చెప్పారే తప్ప ఉద్యోగం ఊసెత్తలేదు.

దిద్దడం తప్పని నేననను. కంపెనీ పేరు ముందు అమెరికాలో సాధారణంగా ‘ఎట్’ గానీ ‘ఫర్’ గానీ వస్తుంది. విభాగానికో, రంగానికో, ఊరికో అయితే ‘ఇన్’, చేపట్టిన ప్రాజెక్టుకు ‘ఆన్’, హోదాకు ‘యాజ్’. మనకు వీటిలో చాలావాటికి ఒక్క ‘లో’ సరిపోతుంది గనుక నోటికి ముందు ‘ఇన్’ రావడం సహజమే. పైగా ‘ఇన్ ద టీమ్’ అన్నా నవ్వేవారు మనలో ఉన్నారు. బ్రిటిష్ వాడుకలో అది నిక్షేపంలాంటి మాట, అమెరికన్లు ‘ఆన్’ అంటారు, అంతే.

నిజంగా జాగ్రత్తపడవలసిన చోటు వేరే ఉంది, దాని గురించి ఆ రోజు ఎవరూ నోరు విప్పలేదు. కన్సల్టింగ్ కంపెనీ తరఫున హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉంటూ క్లయింటు ఆఫీసులో పనిచేసే మన పిల్లలకు ‘ఫర్’, ‘ఎట్’ల తేడా వ్యాకరణంతో ఆగదు. వీసా కోసం పిటిషన్ వేసి, జీతమిచ్చి, ఏటా జీతం, పన్నుల లెక్క చూపే డబ్ల్యూ-2 పత్రం పంపే యజమానికి ‘ఫర్’. రోజూ వెళ్లి కూర్చునే క్లయింటు చోటుకు ‘ఎట్’. వీసా ఇంటర్వ్యూలో ‘హూ డు యు వర్క్ ఫర్’ అని అడిగినప్పుడు అలవాటుకొద్దీ క్లయింటు పేరు చెబితే, అది ఐ-129 అనే ఆ పిటిషన్ ఫారంలోని యజమాని పేరుతో పొసగదు, అక్కడినుంచి ప్రతి జవాబూ సంజాయిషీలా వినిపిస్తుంది. ‘వర్కింగ్ విత్’ మరీ చిక్కు: భారతదేశంలో ఉద్యోగులే మర్యాదగా వాడే ఆ మాట విని, ఇక్కడివారు మనల్ని బయటి వెండరనుకోవచ్చు.

అందుకే కార్యవర్గానికి నా విన్నపం: వచ్చే సదస్సులో ఒక అరగంట దీనికే కేటాయించండి. మైకు లేకుండా ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఎవరి ఉద్యోగం గురించి వారిచేత నాలుగు వాక్యాలు చెప్పించి, అక్కడికక్కడే నెమ్మదిగా దిద్దండి. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగుకు వెళ్లబోయేవారికి మొదటి అవకాశం ఇవ్వండి.