నక్షత్రం చెప్పండి స్వామీ

తిరుపతిలో నక్షత్రం అడగడం కొత్త కాదు. ఏ గుడిలో అర్చన చేయించినా పేరు, గోత్రం, నక్షత్రం చెప్పాల్సిందే. తెలియని మగవాళ్ళు పక్కనున్న భార్య వంక చూస్తారు, ఆమె చెబుతుంది. ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న అర్చకులే అడిగేవారు. ఇప్పుడు లాడ్జి కుర్రాడు అడుగుతున్నాడు. టిఫిన్ సర్వర్ అడుగుతున్నాడు. ట్యాక్సీ డ్రైవరైతే అలిపిరిలో దించి, సూట్‌కేసు ఇంకా తన చేతిలోనే పెట్టుకుని అడుగుతున్నాడు. అర్చకులకు ఇరవై ఏడింటిలో ఏది చెప్పినా సమ్మతమే. వీళ్ళకు మాత్రం ఐదే కావాలి.

ఈ గంభీరమైన విషయం మీద నా దృష్టి పడింది మా బావమరిది వల్ల. అతనికి బస్టాండుకు దగ్గర్లో టిఫిన్ హోటలుంది. గూగుల్ మ్యాప్స్‌లో ఆ హోటల్ రేటింగ్ 4.2 నుంచి 3.9కి పడిన రాత్రి అతను అన్నం ముట్టలేదు. అతని భార్య నా భార్యకు ఫోన్ చేసింది, నా భార్య నన్ను పంపింది.

"పాయింట్ మూడే కదరా. జ్వరం పాయింట్ మూడు తగ్గితే సంతోషిస్తాం కదా" అన్నాను.

"నీకు తెల్దులే బావా. నాలుగు పైన ఉండేవే చూపించమని నొక్కుతారు జనం. దానికి కింద ఉంటే మనం ఊర్లో లేనట్టే లెక్క."

అతను ఫోన్ నా చేతికిచ్చాడు. నేను కళ్ళజోడు తుడుచుకుని, ఫైలు చూసే అధికారిలా ఒక్కొక్కటీ చదివాను. ఒకాయన ఒకే ఒక్క నక్షత్రం వేసి, దర్శనానికి పద్నాలుగు గంటలు పట్టిందని రాశాడు. ఆ కోపం కొండ మీద చూపించలేక, కిందికి దిగి ఇడ్లీ మీద చూపించాడన్నమాట. ఇంకొకరు బాత్‌రూములో వేడినీళ్ళు రాలేదన్నారు. మావాడికి గదులే లేవు. ఈ ఊళ్ళో శ్రీనివాస, బాలాజీ, పద్మావతి అనే పేర్లతో ఎన్ని హోటళ్ళు, ఎన్ని లాడ్జీలు ఉన్నాయో ఆ స్వామివారికే తెలియాలి. ఎవరి పాపం ఎవరి ఖాతాలో పడుతోందో చూసుకోవడానికి ఇక్కడ చిత్రగుప్తుడు కూడా లేడు. బెంగళూరు ఆయనకు సాంబారు తియ్యగా లేదు. ఆ కిందనే గుంటూరు ఆయనకు అదే సాంబారు పాయసంలా ఉంది.

మావాణ్ణి బాగా కుంగదీసింది మాత్రం ఒక తమిళ యాత్రికుడి రివ్యూ. "సాంబార్ సుమార్" అని రెండే మాటలు. ఫోన్‌ను తెలుగులో చెప్పమంటే "సాంబారు దాదాపుగా" అని చెప్పిందట. దాదాపుగా ఏమిటో అది చెప్పలేదు. చిత్తూరు గాలి పీల్చినవాడికి తర్జుమా ఎందుకు? తమిళంలో సుమార్ అంటే ఏదో ఉందిలే అని అర్థం. తిట్టినా ఓర్చుకుంటాడు గానీ ఏదో ఉందిలే అంటే ఏ వంటవాడూ ఓర్చుకోలేడు. "బాగలేదని రాసుంటే పోయుండె బావా" అంటాడు ఇప్పటికీ.

ఇదంతా మావాడి చాదస్తమని కొట్టిపారేద్దామంటే హార్వర్డ్ బిజినెస్ స్కూల్ అడ్డుపడుతోంది. అప్పట్లో అక్కడ పనిచేసిన మైఖేల్ లూకా అనే ఆచార్యుడు అమెరికాలోని సియాటిల్ నగరంలో రెస్టారెంట్ల ఆదాయాన్నీ, యెల్ప్ అనే సైట్‌లో వాటి నక్షత్రాలనూ పక్కపక్కన పెట్టి 2011లో లెక్క తేల్చాడు. ఒక్క నక్షత్రం పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతోందట. అది కూడా సొంతంగా నడుపుకొనే చిన్న హోటళ్ళకే. ఊరూరా ఒకే బోర్డు పెట్టుకున్న పెద్ద కంపెనీల హోటళ్ళకు నక్షత్రాలు ఉన్నా లేకున్నా ఒకటే. వాటి రుచి ముందే తెలుసు కాబట్టి ఎవరూ చూడరు. తెలియనిచోటే నక్షత్రానికి విలువ.

మరి తిరుపతి కంటే తెలియని జనం ఎక్కువగా ఉండే ఊరేది? తెల్లవారుజామున స్టేషన్‌లో దిగేవాడికి గాంధీ రోడ్డు ఎటో, తిలక్ రోడ్డు ఎటో తెలియదు. తినేది ఒక్కపూట, మళ్ళీ వచ్చేది మొక్కు ఉంటేనే. వెనుక ఇలాంటి ఊళ్ళలో హోటలువాళ్ళకు ఒక ధీమా ఉండేది. రాత్రి మిగిలిన పిండి పొద్దున పోసినా అడిగేవాడు మరునాటికి విజయవాడలో ఉంటాడు. ఇప్పుడు వాడు విజయవాడ నుంచే ఒక నక్షత్రం విసురుతున్నాడు. ఈ ఒక్క విషయంలో నేను ఫోన్ పక్షమే. మా బావమరిదికి ఈ మాట చెప్పలేదు.

ఊరివాళ్ళ సంగతి వేరు. టిఫిన్‌కు పోతూ ఫోన్ చూసుకున్న తిరుపతివాణ్ణి నేనింతవరకు చూడలేదు. పక్కింటాయన లుంగీ పైకి కట్టుకుని ఎటు నడుస్తున్నాడో చూస్తాడు, వెనకే పోతాడు.

ఇక దేశదేశానికీ నక్షత్రం ధర వేరు. జపాన్‌లో తాబెలాగ్ అనే సైట్‌లో 3.5 దాటితే బ్రహ్మాండమైన హోటల్ కింద లెక్క. అక్కడ ఐదు వేయడానికి జనానికి చేతులు రావు. ఆ లెక్కన మావాడు 3.9తో తోక్యోలో సన్మానాలు చేయించుకోవాల్సినవాడు, ఇక్కడ అన్నం మానేశాడు. లండన్‌లో ఇంకా విచిత్రం. 2017లో ఒక కుర్రాడు తన పెరట్లోని చెక్క షెడ్డుకు ది షెడ్ ఎట్ డల్విచ్ అని పేరు పెట్టి, ట్రిప్‌అడ్వైజర్ అనే సైట్‌లో హోటల్‌గా ఎక్కించాడు. గడ్డం గీసుకునే నురగను వంటకంలా ఫోటో తీసి పెట్టాడు. స్నేహితులతో పొగడ్తలు రాయించాడు. కొన్ని నెలల్లో అది ఊరి మొత్తానికి నంబర్ వన్ రెస్టారెంట్ అయి కూర్చుంది. టేబుల్ కావాలని ఫోన్లు. లేని హోటల్‌కు మొదటి ర్యాంకు వచ్చింది. తెల్లవారి నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించేవాడికి 3.9.

యెల్ప్‌వాళ్ళు వ్యాపారులకు ఒక నీతి చెబుతారు. రివ్యూ రాయండని కస్టమర్లను అడగకూడదట. ఆ నీతి పసిఫిక్ దాటి మా బస్టాండు దాకా రాలేదు. మావాడి గల్లా మీద రెండు క్యూఆర్ బొమ్మలున్నాయి, ఒకటి డబ్బుకు, ఒకటి రివ్యూకు. తొందరలో ఉన్న భక్తుడు రెండోదాన్ని స్కాన్ చేసి, ఐదు నక్షత్రాలు నొక్కి, "పడిందా?" అని అడుగుతాడు. డబ్బు పడితే పెట్టె అరుస్తుంది. నక్షత్రం పడితే ఏదీ అరవదు. మావాడు మాత్రం ఏది పడిందో ముఖం చూసి చెప్పగలడు, ఒక్కోసారి డెబ్బై రూపాయలు వదులుకుంటాడు కూడా.

ఇంత విజ్ఞానం సంపాదించాక నేనే ఒక కుట్రలో భాగస్వామిని అవుతానని అనుకోలేదు.

కొర్లగుంటలో మా వీధి చివర వేపచెట్టు కింద ఒక అక్క దోశల బండి పెడుతుంది. బోర్డు లేదు, పేరు లేదు. ఎర్రకారం దోశ, చెనిక్కాయల చట్నీ. పిండి అయిపోయిందంటే ఆ రోజుకు ముగిసినట్టే, మామూలుగా తొమ్మిదవుతుంది. ఎవరో కుర్రాడు తిన్నవాడు ఊరుకోక ఆ చెట్టును మ్యాప్‌లో ఎక్కించాడు. నెల తిరిగేసరికి 4.9. గుండు మీది గంధం ఇంకా ఆరనివాళ్ళు సంచులతో సహా వచ్చి నిలబడుతున్నారు. పిండి ఏడున్నరకే ఖాళీ. మేము ఎనిమిదికి పోతే అక్క పెనం కడుగుతూ ఉంటుంది.

వేపచెట్టు కిందనే సభ జరిగింది. రిటైర్డ్ హెడ్మాస్టరుగారు అధ్యక్షత వహించారు. తీర్మానం ఒక్కటే: అక్క మీద ఉన్న అభిమానం కొద్దీ అందరమూ ఒక్కో నక్షత్రం వేయాలి.

న్యాయపరమైన చిక్కులు కూడా చర్చించాం. బంగారానికి హాల్‌మార్క్ పెట్టే బీఐఎస్ సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూలకు కూడా ఒక ప్రమాణం తెచ్చింది, ఐఎస్ 19000 అని. పాటించాలనుకున్న సైట్లు పాటించవచ్చు. హెడ్మాస్టరుగారు "అట్లయితే హోంవర్కు మాదిరే" అని పక్కన పెట్టేశారు. అమెరికా కొంచెం గట్టిది. అక్కడ 2024 అక్టోబరు నుంచి దొంగ రివ్యూల మీద నిషేధం, అప్పటి లెక్కన ఒక్కో తప్పుకు 51,744 డాలర్ల దాకా జరిమానా. మేము పదకొండు మందిమి. ఆటో నడిపే మా పొరుగాయన ఫోన్‌లో లెక్క కట్టి నాలుగున్నర కోట్లు దాటుతుందని చెప్పి కాసేపు మాట్లాడలేదు. ఆ చట్టం వ్యాపారులను పట్టుకోవడానికే గానీ దోశ తినేవాళ్ళను కాదని నేను చెప్పాకే టీ తాగాడు.

హెడ్మాస్టరుగారు "రుచి మామూలు, పరిసరాలు అసంతృప్తికరం, మెరుగుపడాలి" అని ప్రోగ్రెస్ కార్డు భాషలో రాశారు. ఆటో ఆయన "రావద్దండి" అని రాశాడు. ఇన్నేళ్ళుగా వ్యాసాలు రాస్తున్న నాకు ఆ చట్నీ మీద ఒక్క చెడ్డమాట రాలేదు. చాలాసేపు ఆలోచించి, "చట్నీ సుమార్" అని కొట్టాను.

వారంలో రేటింగు 3.6కి దిగింది. సంచులు తగ్గాయి. మొన్న ఆదివారం తొమ్మిదింబావుకు పోయినా గిన్నెలో పిండి ఉంది. నేను బల్ల మీద కూర్చున్నాను.

"జనం తగ్గిపోయినారు నాయనా" అంది అక్క, పెనం మీద నీళ్ళు చల్లుతూ. "మా పిల్లోడు ఫోన్లో చూసి చెప్పినాడు. చట్నీ సుమార్ అని ఎవురో రాసినారంట. తమిళ సామి అయ్యుంటాడు, పాపం, మన చెనిక్కాయల చట్నీ ఆయనకు అలవాటుండదు కదా."

అవునన్నాను. మూడో దోశ పొయ్యమన్నాను.