స్క్రీన్ ప్రింట్ అమ్ముకోండి, కలంకారీ అని మాత్రం చెప్పకండి

పెడన వెళ్లి కలంకారీ చీరలు కొనుక్కొచ్చామని ఎవరు చెప్పినా ఈ మధ్య ఒకటే అడుగుతున్నా: "చెక్క అచ్చుతో అద్దిందా, స్క్రీన్ (డిజైన్ ఉన్న జాలీ తెర) మీద రంగు లాగిందా?" చాలామంది నా మొహం వంక అదోలా చూస్తారు. కలంకారీ అంటే కలంకారీయే కదా, మళ్లీ ఇదేం గొడవ అని. గొడవే మరి, రాయక తప్పడం లేదు.

మొన్న మా వదినతో కలిసి బందరు (మచిలీపట్నం) వెళ్లి, అటునుంచి పెడన వెళ్లాం. ఒక షాపతను "పక్కా వెజిటబుల్ కలర్ మేడమ్" అంటూ చీర పరిచాడు. ధర వినగానే వదినకి అనుమానం వచ్చింది. ఆవిడ పుట్టిల్లు ఆ పక్క ఊరే. చెంగు తిప్పి చూస్తే వెనకంతా తెల్లగా ఉంది. ముందువైపు చూస్తే పువ్వు పక్కన పువ్వు, వెంట్రుకవాసి తేడా లేదు. "దీనికి కరక్కాయ పట్టించారా బాబూ?" అంది. అతను నవ్వేసి, "అవన్నీ ఇప్పుడెవరు చూస్తున్నారు మేడమ్" అన్నాడు. నాకు మండింది ఆ మాటకే.

అసలు పని ఎలా ఉంటుందో అదే రోజు ఓ షెడ్డులో చూశాం. గుడ్డ ఉతికి, గంజి పోగొట్టి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. తుప్పు ఇనుమూ బెల్లమూ వేసి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లే నలుపు రంగు. ఆ కుండ దగ్గర ముక్కు మూసుకోవాల్సిందే. కరక్కాయ పట్టిన గుడ్డ మీద అది పడితే నల్లగా తిరుగుతుంది. ఎరుపు ఇంకా చిత్రం. అద్దేటప్పుడు అక్కడ ఎరుపే ఉండదు, ఉండేది జిగురు కలిపిన పటిక. పారే నీళ్లలో జాడించి, రాగి డేగిశాలో వేరూ ఆకూ వేసి ఉడకబెడితే, పటిక పడ్డచోట మాత్రమే ఎరుపు తేలుతుంది. ఒకప్పుడు ఆ వేరు చిరివేరు. నిజాంపట్నం వైపు పండే చిరివేరుకి డచ్చివాళ్ల రోజుల్లో మహా గిరాకీ.

అద్దేవాళ్లలో ఒకాయన రంగు తడిసిన గళ్లపలక మీద టేకు అచ్చు ఒత్తి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో రెండు దెబ్బలు వేస్తున్నాడు. కొలబద్ద లేదు, గీత లేదు, కంటి అంచనాయే. అక్కడక్కడా అచ్చుకీ అచ్చుకీ మధ్య సన్నని సందు కనబడుతుంది. మనవాళ్లు దాన్ని డిఫెక్ట్ అని ధర తగ్గించమంటారు! చేత్తో చేసిందనడానికి అంతకంటే రుజువేం కావాలండీ?

ఈ బట్ట కోసమే 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో కొట్లు తెరిచారు. ఇరాన్ నుంచి ఆర్డర్లు వచ్చేవి కాబట్టే ఈ డిజైన్లలో ఆ దేశపు తీగలూ చెట్లూ ఇప్పటికీ కనిపిస్తాయి. మన తీరం అద్దకాల ధాటికి యూరప్ నేతగాళ్లు గగ్గోలు పెడితే ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో నిషేధాలు పెట్టాయి. బందరులో డచ్చివాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. మనవాళ్లు లడ్డూ కొనుక్కుని అటు చూడకుండానే తిరిగొస్తారు, అది వేరే ఏడుపు.

నేను స్క్రీన్ ప్రింటుకి వ్యతిరేకిని కాను. పెడనలో ఎన్నో కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి. తక్కువ ధరలో ఓ కాటన్ చీర కావాలనుకునే టీచరమ్మకి అది చక్కటి బట్టే. చెక్క అచ్చుతోనే కెమికల్ రంగులు అద్దేవాళ్లూ ఉన్నారు, అదీ తప్పు కాదు. కానీ మూడింటికీ ఒకే పేరు, ఒకే "వెజిటబుల్ కలర్" కబురు చెబితే ఎవరు నష్టపోతున్నారు? ఆ పిడికిలి దెబ్బలు వేసే మనిషి. వారాల పనికి అతను అడిగే ధర, గంటల్లో లాగిన స్క్రీన్ ధర పక్కన పెడితే ఎక్కువగానే కనిపిస్తుంది. మనం అతన్నే "మరీ రేటు చెబుతున్నావయ్యా" అంటాం. ఆ మాట వినీ వినీ అతని కొడుకు ఈ పని నేర్చుకుంటాడా?

మచిలీపట్నం కలంకారీకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) ఉంది. కాగితం మీద ఉంది సరే, షాపు చీర మీదేది? హైదరాబాద్ బొటీక్‌ల వాళ్లు, ఇన్‌స్టాలో లైవ్ పెట్టి అమ్మే అక్కలు మరీనూ. "ప్యూర్ కలంకారీ" అని రాసే చోట "చేతి అచ్చు, సహజ రంగు" అనో, "స్క్రీన్ ప్రింట్" అనో ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయింది?

కొనేవాళ్లకి: చీర తిప్పి వెనక చూడండి, రంగు లోపలికి దిగిందో లేదో తెలుస్తుంది. అచ్చులు కలిసేచోట కాసేపు కన్నేయండి. వానల్లో వెళ్లకండి, ఎండ లేకపోతే అక్కడ పనే సాగదు. షాపులో కూర్చునేముందు ఒక షెడ్డులోకి తొంగిచూడండి, అడిగితే కాదనరు. బేరం ఆ తర్వాత ఆడుకోండి, మీకు నోరొస్తే.