అందరికీ స్వాగతం అన్నారు, మరి అందరూ ఏరి?

శుక్రవారం సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో పోస్టర్ వచ్చేస్తుంది. ఆదివారం ఉదయం ఐదున్నరకు విశాఖ ఆర్కే బీచ్‌లో కలుద్దాం, భీమిలి దాకా సైకిల్ తొక్కుదాం, అక్కడ టిఫిను చేసి తిరిగి వద్దాం. కింద పెద్ద అక్షరాల్లో ‘అన్ని స్థాయిల వారికీ స్వాగతం. ఎవరినీ వెనక వదిలేయం’. ఆ రెండో మాట మీద నాకు చాలాకాలంగా కడుపుమంట ఉంది. ఇవాళ కక్కేస్తాను. ఏ క్లబ్బో చెప్పను. ఈ ఊళ్లో సైకిల్ తొక్కేవాళ్లకు చెప్పనక్కర్లేదు, తొక్కనివాళ్లకు తెలియనక్కర్లేదు.

నేను గుంపులో చివర తొక్కుతాను. ఆ పని నాకు ఎవరూ అప్పగించలేదు, చివరన ఉండటమే నాకు ఇష్టం. ముందున్నవాళ్లకు రోడ్డు కనిపిస్తుంది, సముద్రం కనిపిస్తుంది, హ్యాండిల్ మీద బిగించుకున్న చిన్న తెరలో అంకెలు కనిపిస్తాయి. చివరివాడికి మనుషులు కనిపిస్తారు. ఎవరి చైను కిర్రుమంటోంది, ఎవరి సీటు మరీ కిందికి ఉండి మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి, ఒక చెయ్యి వదిలి నీళ్ల సీసా తీయడానికి భయపడి దాహంతోనే ఎవరు తొక్కుతున్నారు, ఇవన్నీ వెనక నుంచే తెలుస్తాయి. కాబట్టి ‘ఎవరినీ వదిలేయం’ అన్న మాట నిజమో కాదో చెప్పగలిగేది చివరివాడే. నిజం కాదు.

బయలుదేరినప్పుడు బాగానే ఉంటుంది. సబ్‌మెరైన్ మ్యూజియం ముందు ఫొటో, కొత్తవారికి చప్పట్లు, లాసన్స్ బే దాటేవరకూ కబుర్లు. తెన్నేటి పార్కు దగ్గర కైలాసగిరి పాదాన్ని ఒరుసుకుంటూ రోడ్డు పైకి లేవగానే గుంపు అసలు రంగు బయటపడుతుంది. బలమున్నవాళ్లు సీట్లోంచి లేచి నిలబడి ఎక్కేస్తారు. అందులో తప్పేమీ లేదు, ఎక్కుడులో ఎవరి కాళ్లు వారివే. తప్పు ఆ తర్వాత జరుగుతుంది. ఎక్కుడు ముగిసి జోడుగుళ్లపాలెం వైపు దిగుడు మొదలైనా వాళ్లు పెడల్ ఆపరు. ముందువాళ్లు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో కిందికి పోతుంటే చివరివాళ్లు ఇంకా ఎక్కుడు మధ్యలో 10 మీద రొప్పుతూ ఉంటారు. లెక్క వేయండి. ఒక్క నిమిషంలో మధ్య ఎడం అర కిలోమీటరు పెరుగుతుంది. ఆ అర కిలోమీటరును కొత్తవాడు ఇక ఆ రోజు పూడ్చలేడు. శిఖరం చేరాక ఓ నిమిషం కాళ్లు ఆపి సైకిల్‌ను దానంతట దాన్ని జారనిస్తే ఈ ఎడమే పుట్టదు. ఇది చెబితే ‘ఊపు పోతుంది అన్నా’ అంటారు.

ఎందుకు పూడ్చలేడో కూడా చెబుతాను, ఎందుకంటే ‘ఇంకొంచెం గట్టిగా తొక్కొచ్చు కదా’ అనేవాళ్లు ఇంజనీరింగ్ చదివిన ఊరు ఇది. చదును రోడ్డు మీద కాస్త వేగం అందుకున్నాక మన శ్రమలో పెద్ద భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వేగం 20 నుంచి 30కి, అంటే ఒకటిన్నర రెట్లకు పెరిగితే, గాలిని నెట్టడానికి కావలసిన శక్తి మూడు రెట్లు దాటిపోతుంది. ముందు సైకిల్ వెనుక చక్రానికి దగ్గరగా ఉన్నవాడికి ఆ శ్రమలో మంచి వాటా తగ్గుతుంది. గుంపుగా తొక్కడంలో ఉన్న వరమంతా ఇదే. ఇప్పుడు చూడండి: గాలిని అడ్డుకునే ఈ గుంపు నీడ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే మొదట బయటికి తోసేసి, ఏ నీడా అక్కర్లేని ఆరుగురు బలవంతులు ఒకరి నీడలో ఒకరు హాయిగా వెళ్లిపోతున్నారు. వెనకబడిపోయినవాడు ఒంటరిగా గాలికి ఎదురొడ్డి, ఆ ఆరుగురి కంటే ఎక్కువ కష్టపడి, తక్కువ వేగంతో వస్తాడు. వచ్చాక ‘ఇంకా ప్రాక్టీస్ చేయాలి బ్రదర్’ అన్న సలహా.

మధ్యమధ్యలో ఆగి అందరినీ కలుపుకుంటాం అంటారు. ఆగుతారు, కాదనను. రుషికొండ దగ్గర ఆగుతారు. ముందువాళ్లు దిగి, నీళ్లు తాగి, ఖర్జూరాలు తిని, సముద్రం ముందు సైకిల్ ఎత్తి పట్టుకుని ఫొటోలు దిగి, పది పదిహేను నిమిషాలు కాళ్లు చాపుకుంటారు. చివరి మనిషి చెమటతో తడిసి ముద్దై వచ్చి కాలు నేల మీద పెట్టగానే ‘ఆ, అందరూ వచ్చేశారు, పదండి’ అని ఈల వేస్తారు. అందరికంటే ఎక్కువ అలసిన మనిషికి దక్కిన విశ్రాంతి ఎంత? సున్నా. తర్వాతి ఆగుడులో కూడా సున్నా. చివరివాడు వచ్చాక గడియారం చూసి ఐదు నిమిషాలు ఆగడం ఏమంత కష్టం? కష్టం కాదు, తోచదు. వాళ్లెప్పుడూ చివర రాలేదు కనుక.

ఇక గాలి. మన తీరం ఈశాన్యంగా సాగుతుంది, వేసవిలో గాలి నైరుతి నుంచి వీస్తుంది. అంటే భీమిలి వెళ్లేటప్పుడు గాలి వీపు మీద ఉంటుంది. కొత్తవాళ్లు అది తమ కాళ్ల బలమే అనుకుని పొంగిపోతారు. తొట్లకొండ దాటి, ఎర్రమట్టి దిబ్బలు దాటి, భీమిలిలో ఇడ్లీ తిని వెనక్కి తిరిగేసరికి ఎనిమిది అవుతుంది. ఎదురు గాలి, నెత్తిన ఎండ, గాలిలో తేమ. చొక్కా పిండితే నీళ్లు కారతాయి, ఒంటి మీది చెమట మాత్రం ఆరదు. అప్పటికి మన ముందు వరుస ఏం చేస్తుంది? ఇంట్లో పనులున్నాయని, పిల్లల్ని క్లాసుకు దింపాలని చెప్పి టిఫిను కాగానే బాణాల్లా వెళ్లిపోతుంది. గుంపు అత్యవసరమైన ఆ 30 కిలోమీటర్ల లోపు దారిలోనే గుంపు ఉండదు. పోస్టర్‌లో తిరుగు ప్రయాణం గురించి ఒక్క ముక్క ఉండదు, ఎప్పుడైనా గమనించారా?

ఈ మధ్య ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చారు. యాభై దాటిన మనిషి, కొత్త హైబ్రిడ్ సైకిల్, కొత్త హెల్మెట్, కాస్త భయం, బోలెడు ఉత్సాహం. తిరుగు దారిలో కాపులుప్పాడ దగ్గర వెనుక టైరు పంక్చర్. ముందున్నవాళ్లలో ఇద్దరు తిరిగి చూశారు. ‘మేడం, వెనక అన్న వస్తున్నాడు, చూసుకుంటాడు’ అని ఒక కేక వేసి పోయారు. అన్న అంటే నేను. నేను అప్పటికి భీమిలి దాటి ఇంకో కుర్రాడి జారిపోయిన చైను ఎక్కిస్తున్నాను. ఆవిడ ఎంతసేపు ఆ రోడ్డు పక్కన ఒంటరిగా నిలబడ్డారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ట్యూబు మార్చి ఇద్దరం నెమ్మదిగా వచ్చాం. దారిలో ముంజలు తిన్నాం. మనవరాలి గురించి, సర్వీసు గురించి చక్కగా కబుర్లు చెప్పారు. మళ్లీ రాలేదు. ఆ సాయంత్రం గ్రూపులో ‘సూపర్ రైడ్, సగటు 29’ అని స్ట్రావా బొమ్మ (రైడ్ లెక్కలు చూపే యాప్‌ది) పెట్టారు, కింద నలభై బొటనవేళ్లు. ఆ సగటులో ఆవిడ లేరు. వదిలేసినవాళ్లను లెక్కలోంచి తీసేస్తే ఎవరి సగటైనా బాగానే ఉంటుంది.

‘మరి మేం ఎప్పుడూ నత్తనడక నడవాలా? మాకు వ్యాయామం వద్దా?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వేగం పాపం అని నేను అనడం లేదు. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఊపిరి బిగబట్టి తొక్కడంలో ఉన్న మజా నాకూ తెలుసు. నా కోపం వేగం మీద కాదు, పోస్టర్ మీద. వేగంగా తొక్కే రైడ్ పెట్టుకోండి, దాని పేరు అదే అని రాయండి. రాయరు. ఎందుకంటే అలా రాస్తే ఆరుగురే వస్తారు, ఫొటో నిండదు, జెర్సీ మీద పేరు వేయించుకున్న దుకాణం వాళ్లకు జనం కనిపించరు. జనం కావాలి, జనం వేగం అక్కర్లేదు.

దూర ప్రయాణాలు చేసేవాళ్ల పద్ధతి చూడండి. బ్రెవెలు, అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్‌లు, తొక్కేవాళ్లు మన గ్రూపులోనూ ఉన్నారు కదా. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు గడువు, 300కు ఇరవై, 600కు నలభై. అంటే ఆగుళ్లన్నీ కలుపుకుని గంటకు 15 కిలోమీటర్లు లాగితే చాలు. ముందొచ్చినవాడికి బహుమతి లేదు, ర్యాంకు లేదు. ఫ్రాన్స్‌లో నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ 1200 కిలోమీటర్లకైనా అదే తీరు, తొంభై గంటలు గరిష్ఠ గడువు. అక్కడ ‘నీ తిండి, నీ పంక్చర్, నీ బాధ్యత’ అని ముందే చెబుతారు. కఠినమే, కానీ నిజాయతీ ఉంది. తన మీద తానే ఆధారపడాలని తెలిసి వచ్చినవాడు పంపు తెచ్చుకుంటాడు. ‘వదిలేయం’ అంటే నమ్మి వచ్చినవాడు చేతులూపుకుంటూ వస్తాడు. రెండింటిలో ఎవరు రోడ్డు పక్కన నిలబడతారో చెప్పక్కర్లేదు.

వెనకాల నుంచి ఇంకోటి కూడా కనిపిస్తుంది, అది మనవాళ్ల గురించి కాదు, ఊరివాళ్ల గురించి. పొద్దున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేది నడిచేవాళ్ల కోసం. కర్ర పట్టుకున్న తాతగార్లు, చక్రాల బూట్లు నేర్చుకునే పిల్లలు ఉంటారక్కడ. వాళ్ల మధ్యలోంచి ఈల వేస్తూ 30 మీద దూసుకుపోయే హక్కు మనకు ఎవరిచ్చారు? మంగమారిపేట దగ్గరైతే మరీ సిగ్గుగా ఉంటుంది. చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఆటో కోసం రోడ్డు దాటుతున్న ఆడవాళ్ల మీదికి ‘సైడ్, సైడ్’ అని అరుపులు. ఒకావిడ ఒకసారి గంప దించకుండానే తిరిగి ‘ఎక్కడికి బాబూ అంత తొందర, ఆదివారం పూట?’ అంది. సమాధానం నా దగ్గరా లేదు. ఆవిడ వెళ్లేది పనికి. మనం వెళ్లేది ఇడ్లీకి.

ఆ మాటకొస్తే విశాఖలో సైకిల్ కనిపెట్టింది మనం కాదు. మన కార్బన్ ఫ్రేములు రాకముందు షిప్‌యార్డుకూ పోర్టుకూ షిఫ్టు వేళకు వెళ్లినవాళ్లున్నారు, హ్యాండిల్‌కు క్యారేజీ తగిలించుకుని, గేరు లేకుండా. ఇప్పటికీ ఐదున్నరకు మనకు ఎదురయ్యే పేపరు కుర్రాడు, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్ సైకిల్ మీదే ఉంటారు. వాళ్లను దాటేటప్పుడు మన జెర్సీలవాళ్లలో ఒక్కడైనా తల ఊపడం నేను చూడలేదు. ఇది పెద్ద నేరమని కాదు, చెప్పాలనిపించింది.

ఇక ‘నువ్వు తొక్కలేక ఏడుస్తున్నావు’ అనేవాళ్లు కామెంట్లలో ఎలాగూ వస్తారు. రండి. సింహాచలం కొండ రోడ్డు మీదైనా, యారాడ ఎక్కుడు మీదైనా కలుద్దాం. చివర ఉండటానికి కూడా కాళ్లలో బలం కావాలి. ముందు గుంపుకూ చివరి మనిషికీ మధ్య రెండు మూడుసార్లు అటూ ఇటూ తొక్కి చూడండి, అప్పుడు తెలుస్తుంది ఎవరు ఎక్కువ తొక్కారో.

పోస్టర్లు వేసేవారికి నా విన్నపం చిన్నదే. ఆ వాక్యం తీసేసి దాని స్థానంలో అంకె రాయండి. ‘సగటు 28. ఆగేది భీమిలిలోనే. వెనకబడితే మీ దారి మీది’ అని రాస్తే సంతోషంగా లైక్ కొట్టి ఇంట్లో పడుకుంటాను. లేదా ‘సగటు 18’ అని రాసి నిజంగా 18 మీదే ఉండండి, వెళ్లేటప్పుడే కాదు, వచ్చేటప్పుడు కూడా. రెండూ ఒకే రోజు పెట్టుకోవచ్చు. వేగం వాళ్లు అరగంట ఆలస్యంగా బయలుదేరినా భీమిలి టిఫిను దగ్గర అందరినీ కలుస్తారు.

ఈలోగా వచ్చే ఆదివారం నేనే ఒకటి పెడుతున్నాను. ఐదున్నరకు సబ్‌మెరైన్ ఎదురుగా. వేగం 16 నుంచి 18, అంతకు మించదు. సాగర్ నగర్‌లో, రుషికొండలో, తొట్లకొండ మలుపులో ఆగుతాం, చివరి మనిషి వచ్చాక ఐదు నిమిషాలు లెక్కపెట్టి కదులుతాం. ముంజలు కనిపిస్తే అక్కడా ఆగుతాం. ఒక ట్యూబు, టైరు ఊడదీసే లీవర్లు రెండు, చిన్న పంపు తెచ్చుకోండి. మార్చడం రాకపోతే సాగర్ నగర్‌లో నేర్పుతాను, చేతులు నల్లబడతాయి, పాత గుడ్డ ఒకటి పెట్టుకోండి. బాగా బలమున్నవాళ్లు కూడా రావచ్చు. కాకపోతే వాళ్లు వెనక నా పక్కన తొక్కాలి.