సవరణ: సముద్రపు వాసన ఉప్పుది కాదు

మొన్న ఆదివారం పెదవాల్తేరులోని మా అమ్మమ్మగారింటి గురించి రాస్తూ, సాయంత్రం సముద్రం మీంచి ఉప్పు వాసన తగిలితే చాలు, ఆ వరండాలో కూర్చున్నట్టే ఉంటుందన్నాను. నీటితో పాటు ఉప్పు కూడా ఆవిరై గాలిలో కలుస్తుంది కాబట్టే ఆ వాసన అని కారణం కూడా చెప్పాను. ఆ కారణం తప్పు.

ఉప్పుకి వాసన లేదు, నీటితో పాటు ఆవిరీ కాదు. సముద్రపు వాసనలో ముఖ్యమైనది డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువు. నీళ్లలో తేలే, కంటికి ఆనని వృక్ష ప్లవకాల్లోని ఒక పదార్థాన్ని బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు అది పుడుతుంది. కెమిస్ట్రీ మాస్టారొకరు ఫోన్ చేసి చెప్పారు. సముద్రశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో చూశాను, అలాగే ఉంది. సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటే.

గాలిలో ఉప్పు ఉండటం మాత్రం నిజం. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపరతో వస్తుంది. అమ్మమ్మ కిటికీ ఊచలను కొబ్బరినూనె గుడ్డతో తుడిచేది అందుకే. అయినా పొలుసులు పొలుసులుగా తుప్పు రాలి, మా అరచేతులు ఎర్రగా అయ్యేవి.

ఇంకో మాట. వాసన తెచ్చే జ్ఞాపకం కచ్చితంగా నిజమే అని నేనన్నట్టు కొందరు అనుకున్నారు. నా ఉద్దేశం అది కాదు. చూపు, వినికిడి సంకేతాలు మెదడులో ముందు థాలమస్ అనే పంపిణీ కేంద్రానికి వెళ్తాయి. వాసన అక్కడ ఆగకుండా, భావోద్వేగాలూ జ్ఞాపకాలూ చూసుకునే భాగాలకు దగ్గరి దారిలో చేరుతుంది. అందుకే అంత గాఢంగా అనిపిస్తుంది. గాఢంగా ఉన్నంత మాత్రాన వివరాలు సరైనవని కాదు. వరండాలో ఉయ్యాలబల్ల ఉండేదని రాశాను కదా, అది తాతగారి పడక్కుర్చీ అని అమ్మ చెప్పింది.